ఫిర్యాదు: అప్‌డేట్ తర్వాత స్టేజ్ మీద నమ్మలేకపోతున్న మీ ఆంప్ మోడలర్

కస్టమర్ సపోర్ట్ విభాగం అధికారి గారికి,

విషయం: ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వల్ల ఫుట్‌స్విచ్‌లు ఆలస్యంగా పనిచేయడం, అవుట్‌పుట్ లెవల్ చెప్పకుండా మారిపోవడం గురించి.

నమస్కారం.

గిటార్ ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా ఇచ్చే, కాలితో నడిపే మీ ఫ్లోర్ మోడలర్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు ట్యూబ్ ఆంప్‌తోనే వాయించాను. మీ పరికరం సౌండ్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ మాట ముందే చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే నా మొదటి మెయిల్‌కి మీ వాళ్లు ఇచ్చిన జవాబులో ముప్పావు వంతు క్యాబినెట్ ఐఆర్‌లు (స్పీకర్ పెట్టె సౌండ్ నమూనాలు) ఎలా మార్చుకోవాలో, హై కట్ (పై ఫ్రీక్వెన్సీలు తగ్గించే ఫిల్టర్) ఎక్కడ పెట్టుకోవాలో ఉంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే నా ప్రీసెట్లు (దాచుకున్న టోన్ సెట్టింగ్‌లు) ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో కాకుండా, రిహార్సల్ హాల్లో స్టేజ్ వాల్యూమ్ పెట్టి చేసుకున్నాను. ఆ పని నేను చేసుకోగలను. నేను అడిగింది వేరే విషయం.

పోయిన నెల షోకి రెండు రోజుల ముందు మీ కొత్త ఫర్మ్‌వేర్ వేశాను. దానితో వచ్చిన నోట్‌లో "ఫుట్‌స్విచ్ పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క వాక్యం ఉంది. ఏం మెరుగుపరిచారో లేదు. ఇంట్లో ప్రీసెట్లన్నీ ఒకసారి తిప్పి చూశాను, టోన్లు బాగానే ఉన్నాయి.

ఆ షోలో మూడో పాట చరణం అంతా క్లీన్ టోన్‌తో వాయించి, బ్యాండ్ మొత్తం ఆగి, మళ్లీ ఒకటో బీట్ మీద గిటార్ సోలోతో లేవాలి. సరిగ్గా బీట్ మీద స్విచ్ తొక్కాను. స్ట్రింగ్ బెండ్ చేశాను. వినిపించింది క్లీన్ టోన్, సన్నగా, పొడిగా. నోట్ సగంలో ఉండగా డిస్టార్షన్, డిలే ఒక్కసారిగా మీద పడ్డాయి. డ్రమ్మర్ తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత పాటలోనూ అదే. దాంతో షో మొత్తం నా దృష్టి పాట మీద లేదు, కాలి మీదే ఉంది. ప్రతి మార్పుకీ ముందే తొక్కాలా, బీట్ మీద తొక్కాలా అన్న టెన్షన్‌తో వాయించాను.

ఇంటికొచ్చాక కారణం వెతికాను. స్విచ్ పక్కనే మైక్ పెట్టి ఒక ట్రాక్‌లో, మోడలర్ అవుట్‌పుట్‌ని ఇంకో ట్రాక్‌లో రికార్డ్ చేశాను. స్విచ్ "టక్" అన్న చప్పుడుకీ టోన్ మారడానికీ మధ్య 160 నుంచి 210 మిల్లీసెకన్ల తేడా ఉంది. ఆ పాట టెంపో నిమిషానికి 120 బీట్లు. అంటే ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, పదహారో నోట్ అంటే బీట్‌లో నాలుగో వంతు, 125. నా సోలో ఒక పదహారో నోట్ కంటే ఆలస్యంగా మొదలైందన్నమాట. ఇంకా చూస్తే అసలు సంగతి తెలిసింది. మీ అప్‌డేట్ అన్ని స్విచ్‌లకూ "నొక్కి పట్టుకుంటే ట్యూనర్" అన్న రెండో పనిని తనంతట తానే తగిలించింది. ఒక స్విచ్‌కి అలా రెండు పనులు ఉంటే, మనం మామూలుగా తొక్కామా, పట్టుకున్నామా అని తేల్చుకోవడానికి పరికరం కాలు పైకి లేచేదాకా ఆగుతుంది. ఇంతకుముందు తొక్కగానే మారేది, ఇప్పుడు వదిలాక మారుతోంది. నేను అడగని ట్యూనర్ కోసం నా సోలో ఆగింది.

దీనికి మీ ప్రతినిధి "డిజిటల్ పరికరాల్లో కొంత లేటెన్సీ సహజం" అని రాశారు. ఆ మాట నాకు నిజంగా బాధ కలిగించింది. గిటార్ సిగ్నల్ లోపలికి వెళ్లి బయటికి రావడానికి మీ పరికరం తీసుకునేది 3 మిల్లీసెకన్ల లోపే, అది నాకు తెలుసు. గాలిలో శబ్దం ఒక మీటరు రావడానికి పట్టే సమయం అది. ట్యూబ్ ఆంప్‌కి నాలుగు మీటర్ల దూరంలో నిలబడి ఏళ్ల తరబడి 12 మిల్లీసెకన్లతో వాయించాను, ఏ ఇబ్బందీ లేదు. నేను చెప్తున్న ఆలస్యం ఆ లేటెన్సీ కాదు. దయచేసి రెండింటినీ కలపకండి.

రెండో విషయం ఇంకా తీవ్రమైనది. అదే అప్‌డేట్ గ్లోబల్ సెట్టింగ్స్‌ని ఫ్యాక్టరీ స్థితికి తీసుకెళ్లింది. మిక్సర్‌కి వెళ్లే ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్‌ని నేను ఎప్పుడూ బలహీనమైన మైక్ లెవల్‌లో ఉంచుతాను, అది చాలా బలమైన లైన్ లెవల్‌కి మారింది. సౌండ్ ఇంజనీర్ మిక్సర్‌లో నా ఛానల్ గెయిన్ పాత షో సెట్టింగ్‌లోనే ఉంచారు. సౌండ్ చెక్‌లో మొదటి కార్డ్ వాయించగానే ఆ ఛానల్ సిగ్నల్ హద్దు దాటి ఎర్రబడింది. మా సింగర్ చెవుల్లో ఇన్-ఇయర్ మానిటర్లు ఉన్నాయి. ఆమె రెండు చేతులతో వాటిని లాగి పారేసింది. ఇంజనీర్ శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టి ఉంచారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆమె పాడలేదు, పక్కన కూర్చుంది. ఆమెకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. వినికిడి పోతే తిరిగి వచ్చేది కాదు. "అప్‌డేట్ తర్వాత అవుట్‌పుట్ సెట్టింగ్స్ ఒకసారి సరిచూసుకోండి" అని స్క్రీన్ మీద ఒక్క హెచ్చరిక చూపించడం మీకు ఎంత పని?

పాత ఫర్మ్‌వేర్‌కి వెళ్లిపోదామంటే మీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడం లేదు. స్విచ్‌లకి తగిలించిన ట్యూనర్‌ని ఒక్కో ప్రీసెట్‌లో ఒక్కో స్విచ్‌కి చేత్తో తీసేయాల్సి వచ్చింది. నా దగ్గర 64 ప్రీసెట్లు, ఎనిమిదేసి స్విచ్‌లు. రెండు రాత్రులు పట్టింది.

మీ ప్రకటనల్లో ఈ పరికరాన్ని స్టేజ్ కోసమే చేశామని చెప్తారు. ఆ మాట నమ్మే కొన్నాను. స్టేజ్ మీద రెండో టేక్ ఉండదు. అందుకని అడుగుతున్నాను: ఏ అప్‌డేట్ అయినా నా గ్లోబల్ సెట్టింగ్స్, స్విచ్ కేటాయింపుల జోలికి రాకూడదు. మార్చక తప్పకపోతే ఏం మారిందో విడమరిచి చెప్పి, నా అనుమతి తీసుకున్నాకే మార్చాలి. స్విచ్ తొక్కినప్పుడు పనిచేయాలా, వదిలినప్పుడా అన్నది ఎంచుకునే వీలు గ్లోబల్ మెనూలో ఇవ్వండి. పాత ఫర్మ్‌వేర్‌కి వెళ్లే దారి తెరవండి. అవుట్‌పుట్ లెవల్ విషయం ఈ పరికరం వాడే అందరికీ వెంటనే మెయిల్ ద్వారా తెలియజేయండి. మిగతావి ఆలస్యమైనా ఇది మాత్రం ఆగకూడదు.

ఇవి కుదరవంటే పరికరాన్ని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. మళ్లీ "ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడండి" అన్న జవాబు మాత్రం పంపకండి, అది ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. 15 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం కోరుతున్నాను. వచ్చే షోకి మోడలర్ తీసుకెళ్లాలా, పాత ఆంప్ బయటికి తీయాలా అన్నది దాన్ని బట్టే తేల్చుకోవాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు, గిటారిస్ట్

జత చేసినవి: స్విచ్ ఆలస్యం చూపించే ఆడియో రికార్డింగ్, అప్‌డేట్‌కి ముందు తర్వాత తీసిన గ్లోబల్ సెట్టింగ్స్ ఫొటోలు, కొనుగోలు రసీదు.