నాలుగుసార్లు పరిష్కరించిన ఫిర్యాదు

బైరాగిపట్టెడ, తిరుపతి.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నా ఫిర్యాదును మీరు ఇప్పటికి నాలుగుసార్లు పరిష్కరించారు. నాలుగుసార్లూ మెసేజ్ వచ్చింది. నెట్ మాత్రం రాలేదు.

సంగతి చిన్నదే. 100 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కడుతున్నాను, రాత్రి 8 దాటితే ఏడో ఎనిమిదో వస్తోంది. దానికే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. రాయిస్తున్నది మీ ఫోన్లు.

మొదట మాట్లాడిన అమ్మాయి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంది. చేశాను. రెండోసారి ఎత్తిన అబ్బాయి అంతా మళ్లీ మొదట్నుంచి చెప్పించుకుని, ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. మూడోసారి 25 నిమిషాలు పాట వినిపించారు. ఆ తర్వాత దొరికినాయన మాది తిరుపతి అనగానే గొంతు తగ్గించి, "సార్, దర్శనానికి మీకెవరైనా తెలుసా?" అన్నాడు. నాయనా, ఆ 300 రూపాయల టికెట్లు పొద్దున 10కి వదిలిన రోజే మీ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. ఫోన్ డేటాతో తంటాలు పడేలోపు అయిపోయాయి. మా చెల్లెలి వాళ్లకే ఇప్పించలేకపోయాను, నీకెక్కణ్ణుంచి తెచ్చేది?

ఇంటికొచ్చిన కుర్రాడు మంచివాడే, మజ్జిగ కూడా ఇచ్చాం. మధ్యాహ్నం 2 గంటలకు వచ్చి, రౌటర్ పక్కనే నిలబడి, "చూడండి సార్, 90" అని ఫోన్ చూపించాడు. రాత్రి రావయ్యా అంటే ఆరుకే డ్యూటీ దిగిపోతాడట. "ఓటీపీ చెప్పండి సార్, క్లోజ్ చేయకపోతే నాకు ఫైన్ వేస్తారు" అని బతిమాలాడు. చెప్పేశాను. పరిష్కారమైంది అతని సమస్య.

గోడలు అడ్డమొస్తున్నాయని మీ నాలుగో మనిషి తేల్చాడు. సరే, గోడల సంగతీ చూద్దామని ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు పెట్టి పది రోజులు రాత్రి 9కి స్పీడ్ టెస్ట్ చేశాను. అదే ల్యాప్‌టాప్, అదే వైరు పట్టుకుని కింద పోర్షన్‌లో అద్దెకున్న వాళ్ల దగ్గరికి దిగాను. వాళ్లదీ 100 ప్లానే, కంపెనీ వేరు. టీటీడీ క్యాలెండర్‌లో తేదీల పక్కనే రాసిపెట్టాను: పైన 7, కింద 92. పైన 11, కింద 90. ఏకాదశి నాడు పైన 4, ఉపవాసం కాబోలు. తెల్లవారుజామున 4కి లేచి చూస్తే మీదీ 88! అంటే మా గోడలు రాత్రిళ్లు మాత్రమే అడ్డమొస్తాయన్నమాట. అందరూ వాడే వేళకు ఇలా కూలబడుతోందంటే ఒక్క లైను మీద ఎంతమందిని ఎక్కించారో మీకే తెలియాలి.

ఆ క్యాలెండర్ ఫోటో తీసి రెండుసార్లు పంపాను. 200 ప్లానుకు మారితే డిస్కౌంట్ ఇస్తామని జవాబు వచ్చింది. ఆకలి అంటే పెద్ద కంచం కొనుక్కోమన్నట్టుంది.

2019లో మా వీధిలో మీ వైరు మొదట వేయించుకున్నది నేను. నా మాట మీద ఇంకో మూడిళ్ల వాళ్లు తీసుకున్నారు. స్తంభం నుంచి వైరు లాగడానికి మా పిట్టగోడకు మేకు కొట్టుకోనిచ్చాను. ఒక్క నెల బిల్లు ఆలస్యం చేయలేదు. ఇన్నేళ్ల కస్టమర్‌కి మీరిచ్చే మర్యాద 25 నిమిషాల పాటా?

ఈ రెండు నెలల బిల్లు సంగతి ఏదో ఒకటి చూడండి. రాత్రి 9కి వచ్చే మనిషి ఒకరుంటే పంపండి. లేదంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మీ కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి రాస్తాను, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. మీరిచ్చిన ఫిర్యాదు డాకెట్ నంబర్లు నాలుగూ ఆ క్యాలెండర్ వెనకే ఉన్నాయి. ఆ మూడిళ్ల వాళ్లూ నన్నే అడుగుతున్నారు, ఏం చేద్దామని. పిట్టగోడ మేకు పీకడానికి నాకు ఐదు నిమిషాలు పట్టదు.

ఇట్లు,
బైరాగిపట్టెడలో మీ మొదటి కస్టమర్

ఫోన్ చేయబోయే వారికి: రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను.