ఫిషింగ్ హార్బర్ పెద్దాయనకు కృతజ్ఞతలు

నెలల తరబడి మాటిమాటికీ ఆగిపోతూ వచ్చిన మా పాత తెరచాప పడవ ఇంజను నిన్న సాయంత్రం ఆగకుండా నడిచింది. ట్యాంకులో డీజిల్ సగానికి తగ్గిన తర్వాత కూడా నడిచింది. ఒళ్ళంతా అలసటగా ఉంది, చేతులకు పట్టిన డీజిల్ వాసన ఇంకా వదలలేదు, అయినా ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే నా మనసు ఊరుకోదు.

తెరచాప పడవకు ఇంజనుతో అంత అవసరం ఏమిటని చాలామంది అడిగారు. పెద్ద ఓడలు వచ్చిపోయే విశాఖ హార్బరు కాలువలో తెరచాపలను మాత్రమే నమ్ముకుని ఉండలేము. నైరుతి గాలి వీచే ఈ కాలంలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటుకు రాగానే గాలి పడిపోతుంది, సరిగ్గా అక్కడ ఇంజను ఆగితే ఓడల దారిలో నిస్సహాయంగా నిలబడవలసిందే. మాది రెండు సిలిండర్ల పాత జపాను డీజిల్ ఇంజను. ఫిల్టర్లు మార్చాము, డీజిల్ లాగే చిన్న పంపులో రబ్బరు పొర మార్చాము, ఇంజెక్టర్లను పరీక్ష చేయించాము. ప్రతి మరమ్మతు తర్వాత కొన్నాళ్ళు చక్కగా నడిచేది, నమ్మకం కుదిరేలోపు మళ్ళీ డీజిల్ గొట్టాల్లోకి గాలి చేరి ఆగిపోయేది. ఎక్కడా ఒక్క చుక్క డీజిల్ కారడం లేదు గనుక గాలి ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ సమయంలో పక్క మరబోటు మీద పని చేసుకుంటున్న ఒక పెద్దాయన, ఎవరూ పిలవకుండానే మా పడవలోకి దిగారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధం ముగింపుకు వచ్చిన రోజులవి. ఆ గడువులోగా బోట్లను సిద్ధం చేయాలి గనుక జెట్టీ మీద ఇంజను పని తెలిసినవారికి అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఆయన పానా ముట్టుకోకముందే, "ట్యాంకు నిండా ఉన్నప్పుడు కూడా ఆగిపోతందా బాబూ?" అని అడిగారు. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగినవారు ఒక్కరూ లేరు. మరమ్మతు చేసిన ప్రతిసారీ మేము ట్యాంకు నింపుతున్నాము, అందుకే కొన్నాళ్ళు నడుస్తోంది అన్న సంగతి నాకు అప్పుడు వెలిగింది.

ముందుగా ఒక డబ్బాను ఇంజను కన్నా ఎత్తున వేలాడగట్టి, దానిలోంచి నేరుగా డీజిల్ ఇచ్చి నడిపించారు. ఇంజను నిలకడగా తిరిగింది, అంటే దోషం ఇంజనులో లేదు. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే గొట్టం స్థానంలో పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూపించారు. అందులో సన్నని బుడగలు వరుసగా వస్తున్నాయి. ట్యాంకు లోపలికి దిగే రాగి పైపును విప్పి బయటకు తీస్తే, పైభాగంలో వెంట్రుక మందాన పగులు కనిపించింది. డీజిల్ నిండుగా ఉన్నంతసేపు ఆ పగులు మునిగి ఉంటుంది, మట్టం దానికన్నా కిందికి దిగగానే పంపు అక్కడి నుంచి గాలిని పీలుస్తుంది. తన పెట్టెలోని పైపు ముక్కనే కొలతకు కోసి అమర్చారు. గట్టిపడిన రాగి వాషర్లను స్టౌ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక తిరిగి వేశారు. ఫిల్టరు దగ్గర మొదలుపెట్టి ఇంజెక్టర్ పైపుల నట్ల దాకా ఒక్కొక్కటే వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు ఓపికగా గాలి తీశారు.

డబ్బు ఇవ్వబోతే నా చేతిని పక్కకు జరిపి, "నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే ఎలాగుంటదో నాకు తెల్సు బాబూ, దీనికి డబ్బులేటి?" అన్నారు. ఆ తర్వాత మేము కార్చిన డీజిల్‌ను తన గుడ్డతోనే తుడిచి, తన కోసం ఎదురుచూస్తున్న బోటు దగ్గరకు వెళ్ళిపోయారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు గనుక రాయడం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. సర్వీసు కేంద్రం వారు పడవ దగ్గరకు రాకుండానే ఇంజను పనికిరాదు, కొత్తది కొనండి అన్నారు. విదేశం నుంచి తెప్పించిన అరచేతిలో పట్టే ఇంజను సామాను పార్సిలును ఒక కార్యాలయం కాగితం మీద కాగితం అడుగుతూ వారాల తరబడి ఆపింది. బీమా వారు సర్వీసు కేంద్రం సంతకం ఉన్న బిల్లే కావాలంటున్నారు. దోషం కనిపెట్టిన ఆ పెద్దాయన మాటకు ఏ కాగితం మీదా చోటు లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

నా భార్య, తమ్ముడు రాత్రుళ్ళు టార్చి పట్టుకుని నిలబడ్డారు, వారికి వేరే చెప్పనక్కరలేదు.

మరిచిపోయాను, ప్లాస్టిక్ గొట్టం అప్పటికప్పుడు తెచ్చిచ్చిన హార్డ్‌వేర్ దుకాణం కుర్రవాడికి, ట్యాంకు ఖాళీ చేయడానికి డ్రమ్ములు ఇచ్చిన పక్క బోటు కలాసీలకు కూడా కృతజ్ఞతలు. స్టౌ ఇచ్చిన టీ కొట్టు అక్కకు కూడా, ఆమె స్టౌ నా దగ్గరే ఉంది, రేపు ఉదయం తెచ్చి ఇస్తాను.