మైదానానికి ర్యాంపు వేయించండి సార్: అనంతపురం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మా అక్క కూతురు నడవలేదు. ఫోన్‌లో టానీ గ్రే థాంప్సన్ వీల్‌చైర్ రేసులు చూసినప్పటి నుంచి తనూ అట్లా పోటీల్లో దిగాలని ఒకటే పట్టు. వేల్స్‌లో వెన్నెముక లోపంతో పుట్టిన ఆమె 1988 నుంచి 2004 దాకా ఐదు పారాలింపిక్స్ ఆడి 11 స్వర్ణాలతో కలిపి 16 పతకాలు తెచ్చింది, లండన్ మారథాన్ ఆరుసార్లు గెలిచింది. సిడ్నీలో నాలుగు స్వర్ణాలు కొట్టిన 2000లోనే, బీబీసీ అవార్డుల్లో మూడో స్థానం వస్తే వేదికకు ర్యాంపు లేక కిందే ఉండిపోయింది, ఇది చదివి కడుపు రగిలింది సార్.

మొన్న మేం పోయిన మైదానంలోనూ గేటు దగ్గరే మెట్లు. పదమూడేళ్ల పిల్లను నలుగురి ముందు ఎత్తుకుని పోతే, ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది కదా, వేసవి సెలవుల్లోపు ర్యాంపు వేయించండి.