రంగుల డబ్బా మూత ఇప్పుడే తియ్యకు

ఒరేయ్ సూరీ,

అమలాపురం పెంకుటింటి రిజిస్ట్రేషన్ అయిపోయిందని రాశావు, శుభం. ఆ వెంటనే హాలుకి ఏ రంగు బావుంటుందని అడిగావు చూడు, అక్కడే భయమేసింది. ఇంట్లోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేలేదాకా గోడ మీద పెట్టిన రూపాయి పెచ్చులుగా రాలిపోతుంది.

ముందు కప్పు చూడు. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి, లైట్లార్పి, అటకెక్కి పైకి చూస్తే సందులన్నీ చుక్కల్లా మెరుస్తాయి. సుద్దతో గుర్తు పెట్టుకో. నేల మీద చుక్క పడేచోటికి నిట్టనిలువుగా పైన వెతక్కు. నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో పడతాయి. అలా దొరక్కపోతే చూరు దగ్గర్నుంచి పైకి వరసవరసగా బకెట్టుతో నీళ్లు పోయించు. పైనుంచి మొదలెడితే అన్ని వరసలూ తడుస్తాయి, దోషం ఎక్కడుందో తెలీదు. పైకెక్కే మనిషి పెంకుల మీద చెక్క పలక పరుచుకుని నడవాలి, లేకపోతే ఒకటి మార్చబోయి పది విరగ్గొడతాడు.

పాత బంగాళా పెంకులు కొనడానికి వెళ్తే మీ పెంకొకటి సంచిలో వేసుకెళ్లు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల పెంకుల కార్ఖానా మొదలయ్యాక ఎన్నో కంపెనీలొచ్చాయి, కొలతలు ఒకదానికొకటి కలవవు. గాడిలో గాడి కూర్చోకపోతే ఈదురుగాలికి వాన లోపలికి కొడుతుంది.

ఇక గోడలు. మేకుతో గీకితే తెల్లగా పిండిలా రాలిందా, అది సున్నం గోడ. తాపీమేస్త్రీ తప్పకుండా “ఒక్క పూత సిమెంటు కొట్టేస్తే సరిపోద్ది బాబూ” అంటాడు. ఒప్పుకోకు. సున్నం గోడ పీల్చిన చెమ్మని మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకి పాకుతుంది, చెమ్మలోని ఉప్పు ఆ పూత వెనకాల గడ్డకట్టి పూతనే తోసేస్తుంది. వాల్ పుట్టీ, ప్లాస్టిక్ పెయింటూ కూడా అదే పని చేస్తాయి.

అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని చెమ్మ మీద నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచు. లోపలివైపు నీటిచుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోందని. బయటివైపు తడిస్తే గదిలో గాలాడ్డం లేదని, ముందు కిటికీ తీసి చూడు. గోడలోంచే వస్తుంటే పెరటివైపు వెళ్లు. ఏళ్ల తరబడి మన్ను పోసీ పోసీ నేల లోపలి గచ్చుకంటే ఎత్తయిపోయి ఉంటుంది (వీధివైపు రోడ్డు వాళ్లు చేసేదీ ఇదే, దానికి మాత్రం మనమేం చెయ్యలేం). గచ్చు కంటే అరడుగు కిందికి తవ్వించి, వాలు బయటికి పెట్టించు.

తర్వాత చెమ్మగీతకి రెండడుగుల పైదాకా పాత పూత ఊడగొట్టించు. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపించు, కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఇటుకల సందులు అరంగుళం లోతు గీకించాక ఒక పాలు నానబెట్టిన సున్నం, మూడు పాళ్లు నది ఇసుక కలిపి కొత్త పూత వేయించు. సముద్రం ఇసుక గడప తొక్కకూడదు. సున్నపురాయిని నీళ్లలో వెయ్యాలి గానీ రాయి మీద నీళ్లు పొయ్యకూడదు. సలసలా ఎగిరి కళ్లలో పడుతుంది, అద్దాలు పెట్టుకోమను. పూత వేశాక వారం రోజులు తడి గోనెలు కప్పాలి.

చెదలకి గోడా గచ్చూ కలిసే అంచున అడుక్కొక 12 మి.మీ. కన్నం, కన్నానికి లీటరు మందు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతానిదైతే లీటరు నీళ్లకి 2.1 మి.లీ. నుయ్యి పక్కన మాత్రం వద్దు. చెక్కపట్టీల వైరింగు ఉంటే రిపేరు మాటెత్తకు, మొత్తం పీకించు: లైట్లకి 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, గీజరుకి 4 చదరపు మి.మీ. వైరు, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి). దానికన్నా ముందు ఎర్త్ ఉందో లేదో చూపించు.

పెంకు తిరగేసి అడుగున ముద్ర ఏముందో చూసి నాకు రాయి. ఆ రకం దొరికే చోటు కనుక్కుంటాను.

నీ
రాజు