కట్టి వదిలేసిన హోటల్

సంపాదకునికి,

పర్యాటకం పెరగాలంటే తీరరక్షణ నిబంధనలు సడలించాలనే మాట తరచూ వినిపిస్తోంది. అలా అనేవారు స్పెయిన్‌లోని అల్గరోబికో హోటల్ సంగతి ఒకసారి చూడాలి.

మధ్యధరా తీరంలోని కాబో డి గాటా ప్రాంతాన్ని 1987లోనే రక్షిత ప్రకృతి పార్కుగా ప్రకటించారు. మరుసటి ఏడాది వచ్చిన తీర చట్టం ఒడ్డు నుంచి 100 మీటర్ల దాకా ఇళ్లూ హోటళ్లూ కట్టకూడదంది. అయినా అక్కడి కార్బొనెరాస్ పురపాలక సంఘం 2003లో బీచ్ పక్కనే 411 గదుల హోటల్‌కు అనుమతిచ్చింది. స్థలానికి పాత ప్లాన్ ఉంది కాబట్టి 20 మీటర్లు వదిలితే చాలన్నది వాళ్ల వాదన. భవనం దాదాపు పూర్తయ్యాక, 2006లో కోర్టు పనులు ఆపించింది. అక్కడ కట్టడానికి వీల్లేదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. వెంటనే కూల్చారా? లేదు. స్థలం ఎవరిది, పరిహారం ఎంత, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అనే తగువులతోనే ఏళ్లు గడిచాయి. ఒక్క అతిథీ దిగలేదు. ఉద్యోగాలొస్తాయని ఆశపడ్డ ఊరివాళ్లను మాత్రం నేను తప్పుపట్టను.

పైగా 2013లో స్పెయిన్ ఆ చట్టాన్నే సడలించి, కొన్ని ఊళ్లలో 100 మీటర్లను 20కి తగ్గించింది. నేర్చుకున్న పాఠం ఇదా!

మనకూ 1991 నుంచి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలున్నాయి. ప్లాన్ మంజూరుకు ముందే ఆ మండలం సరిహద్దు మ్యాపులు జనం ముందు పెట్టాలి. నిబంధన తెలిసీ సంతకం పెట్టినవారి నుంచే కూల్చివేత ఖర్చు వసూలు చేయాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం