సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక (2024-25)

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాది పనులు మీ ముందుంచాలి. ఆసుపత్రికి వచ్చే రోగులకు, వారి కుటుంబాలకు తోడుగా నిలవాలన్న మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా కృతజ్ఞతలు. ఓపీ విభాగం పక్కన సహాయ కేంద్రానికి చోటిచ్చిన సూపరింటెండెంటు గారికి, క్షేత్రశిక్షణ ముగిశాక కూడా వస్తూనే ఉన్న సోషల్ వర్క్ విద్యార్థులకు, రాయగడ వైపు నుంచి వచ్చే రోగుల మాటను ఒడియాలో విని తెలుగులో డాక్టర్లకు చెప్పిన మన సభ్యురాలికి, సమావేశాలకు టీ పంపి డబ్బు తీసుకోని క్యాంటీన్ వారికి, అందరికంటే ముఖ్యంగా ఆసుపత్రి మెడికల్ సోషల్ వర్కర్‌కు. అన్ని వార్డులకూ ఆవిడ ఒక్కరే.

ప్రభుత్వ ఆరోగ్య పథకం తరఫున ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉండగా సోషల్ వర్కర్ పని వేరే ఎందుకని కిందటి సమావేశంలో కొందరు అడిగారు. ఆరోగ్యమిత్ర కార్డు చూస్తారు, పథకం కింద చికిత్సకు అనుమతి తెప్పిస్తారు. ఇంట్లో వండిపెట్టేది ఎవరు, తోడుగా వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతే పూట ఎలా గడుస్తుంది, మందులు మధ్యలో ఎందుకు మానేశారు అన్నవి తెలుసుకుని దారి చూపేది సోషల్ వర్కర్. మన దేశంలో ఈ ఉద్యోగం ముంబై జె.జె. ఆసుపత్రిలో 1946లోనే మొదలైంది. మనం ఇప్పటికీ ‘ఎందుకు’ దగ్గరే ఉన్నాం.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే ఒక కొబ్బరితోట కూలీ డయాలసిస్‌కు రావడం మానేశారు. రికార్డులో ‘రాలేదు’ అని రాసి ఊరుకున్నారు. సోషల్ వర్కర్ ఫోను చేస్తే అసలు సంగతి తెలిసింది. చికిత్స ఉచితమే. కానీ వారంలో రెండు మూడు సార్లు అంత దూరం రావాలంటే దారి ఖర్చులు, పైగా జీడిపప్పు కర్మాగారంలో భార్య కూలి పోతుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి ఆయనను మార్పించారు. డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే 10,000 రూపాయల నెల పింఛనుకు కాగితాలు మన వాళ్లు సిద్ధం చేశారు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉండటంతో అది సరిచేయించేసరికి అందరి ఓపికా అయిపోయింది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మార్చి 18, ప్రపంచ సోషల్ వర్క్ దినోత్సవం. డయాలసిస్, క్షయ రోగుల కుటుంబాలను, ఆరోగ్యమిత్రలను, పింఛను సిబ్బందిని ఒకే హాల్లో కూర్చోబెట్టాం. క్షయ రోగుల పోషకాహార భత్యం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలైందని అక్కడికి వచ్చినవారిలో చాలామందికి తెలియదు. బ్యాంకు ఖాతా వివరాలు లేక డబ్బు ఆగిపోయినవారి దరఖాస్తులు అక్కడికక్కడే నింపాం. శాలువాలు కప్పలేదు. కొందరు పెద్దలకు అది నచ్చలేదని విన్నాను.

ఇక బాధ కలిగించే మాట. రెండో సోషల్ వర్కర్ పోస్టు కోసం ఇచ్చిన వినతిపత్రం ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరుగుతూనే ఉంది. అధికారులను అనేముందు మన సంగతి చూసుకోవాలి. సహాయ కేంద్రం వంతుల జాబితాలో పేర్లు నిండుగా ఉన్నాయి. వానాకాలం జ్వరాల రోజుల్లో అక్కడ కనిపించినవి మాత్రం ఎప్పుడూ చూసే ఆ నాలుగు ముఖాలే. ఫొటోల రోజున హాలు చాలలేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో జతపరిచాం. ఖర్చు కాస్త ఎక్కువైంది, దారి ఖర్చుల పద్దే కారణం. కోశాధికారి వివరిస్తారు.

పోస్టు విషయమై జిల్లా కలెక్టరుకు పంపవలసిన తీర్మానం మీ చేతుల్లో ఉంది, ఆమోదించమని కోరుతున్నాను. కొత్త వంతుల జాబితా బల్ల మీద ఉంది. నిజంగా రాగలిగినవారే పేరు రాయండి.

కార్యదర్శి