కత్తెర పెట్టేముందు పిట్టల జాగాలు చూడండి

ఎడిటర్ గారికి,

కర్నూలు పార్కుల్లో పిట్టలు తగ్గిపోయాయని ఈ మధ్య ఎవరిని కదిలించినా అంటున్నారు. నిజమే కావచ్చు, కానీ సరిగ్గా లెక్కపెట్టిందెవరు? పొద్దున వాకింగ్‌కి పోయి ఫోన్లో నాలుగు ఫోటోలు తీసి ఇన్ని రకాలు చూశామని గ్రూపులో పెడితే అది లెక్క కాదు. గేటు పక్కన స్తంభం మీద కూసిన పెద్ద నల్లంచి పిట్టే (ఇంగ్లీషులో మ్యాగ్‌పై రాబిన్), మనం ఒక రౌండు కొట్టి వచ్చేసరికి నీళ్ల ట్యాంకు మీద కూస్తుంటుంది, మన లెక్కలో రెండైపోతుంది. గుడ్ల మీద కూర్చున్న ఆడపిట్టేమో అసలు లెక్కకే రాదు.

పాడే పిట్టలను లెక్కపెట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. గూడు కట్టే కాలంలో మగపిట్ట కొంత జాగా తనదని పట్టుకుని, ఎత్తుగా ఉన్నచోట కూర్చుని పాడుతుంది. మన చెవికి అది పాటే గానీ పక్క మగపిట్టకు మాత్రం ఇటు రావొద్దనే వార్నింగ్. అందుకని తలకాయలు కాకుండా జాగాలు లెక్కపెట్టాలి. బ్రిటన్‌లో 1962 నుంచి 2000 దాకా మామూలు జనమే వాలంటీర్లుగా ఏటా ఇలాగే లెక్కలు తీశారు, పొలాల్లో పిట్టలు తగ్గిపోతున్న సంగతి ఆ లెక్కల్లోనే బయటపడింది.

చేయాల్సిందల్లా ఇంతే. పార్కు మ్యాపు గీసుకుని కాపీలు తీయించుకోవాలి, సీజన్లో ఎనిమిది పది సార్లు తెల్లవారుతుండగానే తిరగాలి, ప్రతిసారీ కొత్త కాపీ మీద ఏ పిట్ట ఎక్కడ పాడింది, ఎక్కడ కొట్లాడింది, ఎక్కడ నోట్లో పుల్లతో కనబడింది అన్నీ గుర్తు పెట్టాలి. అన్నిటికన్నా విలువైన గుర్తు, ఒకే సమయంలో రెండు మగపిట్టలు చెరోచోట పాడటం. ఆ రెండు చుక్కల మధ్య గీత గీస్తే హద్దు అక్కడెక్కడో ఉన్నట్టే, ఒకే పిట్ట అటూ ఇటూ ఎగిరిందేమో అనే అనుమానం ఉండదు. చివర్లో ఒక్కో రకానికి ఒక్కో కాగితం మీద చుక్కలన్నీ ఎక్కిస్తే గుంపులు గుంపులుగా పడతాయి. ఒక్కో గుంపు ఒక్కో జాగా.

అన్ని పిట్టలకూ ఇది పనికిరాదు. కాకి గూట్లో గుడ్లు పెట్టే కోయిలకు, గుంపులుగా తిరిగే చిలుకలకు వేరే లెక్క చూసుకోవాలి. పెద్ద నల్లంచి, నల్లంచి (ఇండియన్ రాబిన్), దర్జీపిట్ట, తేనెపిట్ట లాంటివాటికి మాత్రం బాగా పనిచేస్తుంది. మన ఎండలకు కాస్త పొద్దెక్కితే చాలు అవి నోరు మూసేస్తాయి కాబట్టి వినాల్సిందంతా తెల్లవారుజామునే వినాలి. సరిగ్గా అప్పుడే మా పార్కులో స్పీకర్లు మోగుతాయి. భక్తి పాటలంటే నాకూ ఇష్టమే, కానీ ఆ సౌండుకు పక్కనున్న మనిషి మాటే వినబడదు, ఇక కొమ్మ చివర దర్జీపిట్ట ఏం వినబడుతుంది!

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఏటా ఎండాకాలం మొదలుకాగానే మా పార్కులో 'క్లీనింగ్' అని కాగితంపూల పొదలు, మందారాలు, గోరింట కంచె మోకాలెత్తుకు కొట్టేస్తారు. మార్చి నుంచి జూన్ దాకా చాలా పిట్టలకు గూళ్ల కాలం అదే. దర్జీపిట్ట ఆకుల అంచులకు బెజ్జాలు పొడిచి, దూదితోనో సాలెగూడు పోగులతోనో కుట్టి, ఆ సంచిలో గూడు పెడుతుంది. అదీ పెద్ద చెట్టు మీద కాదు, మన నడుమెత్తు మొక్కల్లోనే. కొట్టేసిన రెమ్మల కుప్పలో అలా కుట్టిన ఆకు జత ఒకటి దొరికింది, లోపల దూది ఇంకా మెత్తగా ఉంది. నల్లంచేమో నాపరాళ్ల గోడ సందుల్లో గూడు పెడుతుంది, ఆ సందులన్నీ ఇప్పుడు సిమెంటుతో పూడుస్తున్నారు.

పొదలు అసలు ముట్టుకోవద్దని అనడం లేదు. పాములొస్తాయని కొందరు, చీకట్లో భయమని ఆడవాళ్లు అంటారు, అది తీసిపారేసే మాట కాదు. దారి పక్కనున్నవి కత్తిరించండి. లోపలివి మాత్రం, మ్యాపులో జాగాలు పడినచోట, జూన్ చివరిదాకా ఆపండి. గోడకు సిమెంటు పూసే పని కూడా అప్పటిదాకా ఆగినా కొంపలేం మునగవు. మ్యాపు మేం గీసిస్తాం, మున్సిపాలిటీకి పైసా ఖర్చు లేదు. స్పీకర్లు పొద్దున ఏడు తర్వాత పెట్టుకుంటే చాలు.

- ఒక వాకర్, కర్నూలు